మంత్రం వచ్చినోడు కూడా పుల్లలేరుకోవాలా?

రాత్రి ఒక ఫాంటసీ సీరియల్ చదువుతున్నా, హీరో అరచేతిలోంచి నిప్పు తీసి సైన్యాన్నే తగలబెట్టేస్తాడు, బానే ఉంది, రెండు పేజీలు పోయాక అదే మనిషి అడవిలో వానకి తడిసిన పుల్లలు ఏరుకొచ్చి చెకుముకి రాయి కొట్టుకుంటూ చలికి వణుకుతున్నాడు. అరే నీ చేతిలో నిప్పుంది కదరా బాబూ! నిజంగా కడుపు మండిపోయింది, పక్కన పడేసి పడుకున్నా.

మన భారతంలో నలుడి కథ చూడండి. బాహుకుడి వేషంలో వంటవాడిగా ఉన్నప్పుడు ఖాళీ కుండల వైపు చూస్తే చాలు నీళ్ళు నిండుతాయి, గుప్పెడు గడ్డి ఎండకి పట్టుకుంటే మంట అంటుకుంటుంది, ఇవన్నీ దమయంతి పంపిన చెలికత్తె కేశిని చూసొచ్చి చెప్తుంది, ఆ తర్వాత ఆ వంట రుచి చూసి మొగుణ్ణి పోల్చుకుంటుంది దమయంతి. దేవతలిచ్చిన వరం వంటింట్లో వాడుకున్నాడు, కథ అక్కడే మలుపు తిరిగింది! అక్షయపాత్ర కూడా అంతే కదా, ద్రౌపది తినేదాకే వంట తరగదు, ఆవిడ తిన్నాక దూర్వాసుడు శిష్యులతో దిగాడనేగా అంత కంగారు.

ఇప్పుడు రాసేవాళ్ళకి మంత్రం అంటే యుద్ధం ఒక్కటే. గాల్లో ఎగిరే మంత్రగాళ్ళున్న ఊళ్ళో ఆడవాళ్ళు ఇంకా బిందెలు మోస్తుంటారు, పసిపిల్లకి జొరమొస్తే ఎవడికీ మంత్రం గుర్తురాదు. ఆ ఊళ్ళో బట్టలెలా ఆరతాయో, పొలానికి నీళ్ళెలా పారతాయో ఒక్క పేజీ రాయండయ్యా, నేను చదువుతా.