వీడియో ఫోర్‌కే, తెలుగు మాత్రం ముక్కలు

వీడియో టైటిళ్లలో తెలుగు ఒత్తులు విడిపోవడం గురించి చాలా రోజులుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. ఇవాళ కక్కేస్తున్నా. పోస్టు పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సరదా కోసం వీడియోలు చేసుకునే మనవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. ఊళ్లో జాతర వీడియోకి రంగులు కుదరలేదని అర్ధరాత్రి దాకా డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటర్‌లో కర్వ్‌లు లాగుతూనే ఉంటారు. పాత క్యాసెట్‌లోని హరికథను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లోకి ఎక్కించి, వెనకాల గరగర పోయేదాకా వదలరు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో ఒక్క కాకి రెక్క సరిగ్గా ఆడించడానికి ఆదివారమంతా పోగొడతారు. తీరా వీడియో మొదలవగానే తెర నిండా ఏముంటుంది? "శ్‌రీ లక్‌ష్‌మీ నరసింహ స్‌వామి జాతర". ఒత్తు అన్నది ఎక్కడా లేదు. పొల్లులు మాత్రం బారులు తీరి నిలబడ్డాయి.

రంగులో పిసరంత తేడా వస్తే పట్టేసే కళ్లకు ఇది ఎలా కనపడదు? మా పిన్ని కొడుకుని అడిగేశాను. "అర్థమవుతోంది కదన్నా, సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు, మనమేం చేస్తాం" అన్నాడు. అదే టైటిల్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి తప్పు పడితే మాత్రం పరువు పోయినట్టు రెండర్ (వీడియోని చివరి ఫైల్‌గా తయారుచేసే పని) మళ్లీ మొదటి నుంచి పెడతాడు. "అర్థమవుతోంది కదా" అప్పుడు ఎందుకు గుర్తుకు రాదో!

సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదన్న మాటలో సగమే నిజం. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు యూనికోడ్ సంకేతాలు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి. వాటిని కలిపి, తకారానికీ రకారానికీ ఒత్తు రూపం తెచ్చి, దేన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చూసే పని షేపింగ్ ఇంజిన్‌ది. ఒత్తుల బొమ్మలన్నీ ఫాంట్‌లోనే ఉంటాయి, కానీ ఇంజిన్ పిలవకపోతే అవి బయటికి రావు. అందుకే ఇరవై ఫాంట్లు మార్చి చూసినా అదే దరిద్రం కనిపిస్తుంది.

పోనీ ఈ ఇంజిన్ దొరకని వస్తువా? హార్ఫ్‌బజ్ అని ఉచితంగానే ఉంది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో అక్షరాలను కూర్చేది అదే. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. చవక ఫోన్‌లో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లో 'రాష్ట్రం' చక్కగా కనబడుతుంటే, గ్రాఫిక్స్ కార్డు బిగించిన కంప్యూటర్‌లో 'రాష్‌ట్‌రం' అని రావడాన్ని మనం మామూలుగా తీసుకుంటున్నాం. నా కోపమంతా అక్కడే.

వీడియోలకు ఎఫెక్ట్‌లు వేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లు వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కి మార్చి, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే చాలావరకు దారికొస్తుంది. వెర్షన్‌ని బట్టి అది ఉండే చోటు కాస్త మారొచ్చు, వెతుక్కోండి. కేడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్‌లో ఈ తంటా లేదు. టైటిల్ పెట్టెలో టైప్ చేస్తే ఒత్తులు వాటంతటవే కుదురుకుంటాయి. అది ఉచితం కూడా.

ఎడిటర్ ఎంతకీ మాట వినకపోతే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ఉంది. 1920 బై 1080 పేజీ పెట్టుకుని టైటిల్ అక్కడ రాసి, వెనక ఏ రంగూ లేని పీఎన్‌జీ బొమ్మగా ఎగుమతి చేసి టైమ్‌లైన్ మీద పెట్టండి. ఏ ఎడిటరైనా కిమ్మనకుండా తీసుకుంటుంది. బ్లెండర్ టెక్స్ట్‌లో నేరుగా తెలుగు కొడితే ఒత్తులు విడిపోతాయి కదా, దానికీ మందు ఇదే. ఇంక్‌స్కేప్‌లో రాసి, 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కి, ఎస్‌వీజీ ఫైల్‌గా దాచి బ్లెండర్‌లోకి తెస్తే అక్షరాలు గీతలుగా వస్తాయి. వాటికి మందం ఇచ్చి త్రీడీలో ఎంత గిరగిరా తిప్పినా ఒత్తు ఊడిపోదు.

టైప్‌రైటర్ ఎఫెక్ట్ సంగతి వేరే. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చే ఆ యానిమేషన్‌ని ఇంగ్లీషు మనసులో పెట్టుకుని తయారు చేశారు. చాలా ప్రీసెట్లు (సాఫ్ట్‌వేర్‌లో ముందే తయారుగా ఉండే ఎఫెక్ట్‌లు) సంకేతాలను లెక్కపెడతాయి తప్ప అక్షరాలను కాదు. 'కృష్ణ' రావాలంటే ముందు క వస్తుంది, తర్వాత కృ, ఆపైన ష, ష్, చివరికి ష్ణ. నత్తి పట్టినట్టు ఉంటుంది చూడ్డానికి. అలాంటప్పుడు పదం పదంగా రప్పించండి. లేదా టైటిల్‌ని కప్పే మాస్క్ వేసి ఎడమ నుంచి కుడికి తెరవండి, బాగుంటుంది.

"అను ఫాంట్లలో కొడితే సరిగ్గానే వస్తుంది కదా" అంటారు డీటీపీ చేసిన అన్నలు. తెర మీద వస్తుంది, కాదనను. పెళ్లి కార్డుల నుంచి ఫ్లెక్సీల దాకా ఏళ్ల తరబడి మోసిన ఫాంట్లు అవి. కానీ అది యూనికోడ్ కాదు. ప్రాజెక్టు ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఆ ఫాంట్ లేకపోతే మీ టైటిల్ అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప. అక్కడి నుంచి ఒక్క ముక్క కాపీ చేసి వీడియో వివరణలో పెట్టుకోలేరు. యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్న సాకు కూడా చెల్లదు. సిలికానాంధ్ర చేయించిన రామభద్ర, మండలి, గురజాడ, ధూర్జటి, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పెద్ద టైటిల్‌కి రామభద్ర, చదివే వాక్యానికి మండలి. నా ఓటు ఈ రెంటికే. బాపు రాతను చూడగానే గుర్తుపట్టే జనం మనం. అక్షరానికి ఒక ముఖం ఉంటుందని మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

రెండర్ బటన్ నొక్కే ముందు 'లక్ష్మి', 'రాష్ట్రం', 'స్త్రీ' అని కొట్టి చూసుకోండి. ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావన్నీ దాదాపు వచ్చినట్టే.

సబ్‌టైటిల్స్ వేసేవాళ్లకు ఇంకో మాట. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ స్పేసింగ్ మనకు చాలదు. పై వరుస ఒత్తులు కిందికి వేలాడి, కింది వరుస గుడుల మీద పడతాయి. పడకుండా ఉండేదాకా ఎడం పెంచండి. అక్షరం చుట్టూ నల్ల అంచు గీస్తే కొన్ని ఫాంట్లలో తలకట్టు, ఒత్తు కలిసే చోట లోపల కూడా గీతలు పడి అలుక్కుపోయినట్టు ఉంటుంది. అంచు తీసేసి వెనక పలచని నల్ల పట్టీ వేస్తే ఆ గొడవే ఉండదు.