పెట్టకూడనివాటి చిట్టా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెట్టకూడనివాటి చిట్టా గారి సముఖమునకు,

ఆరో నెలలో అన్నప్రాసన ముగించుకొని, ప్రస్తుతం చేతికందిన ప్రతి వస్తువునూ నోటికి చేర్చుకొనే పనిలో తలమునకలుగా ఉన్న ఒక పిల్లవాడి మాతామహుడు విజయవాడ సత్యనారాయణపురం నుంచి వ్రాసుకొంటున్న విన్నపం.

తమరు కాగితం మీద ఎక్కడా లేరు. తమకు సంతకం లేదు, ముద్ర లేదు, అచ్చయిన దాఖలా లేదు. అయినా తమ మాట జవదాటి ఒక్క మెతుకు కూడా మా పిల్లవాడి నోట్లోకి వెళ్లడం లేదు. మా అత్తగారి నుంచి మా ఆవిడకూ, మా ఆవిడ నుంచి పురిటికి వచ్చిన మా అమ్మాయికీ నోటిమాటగా సంక్రమించిన తమ అధికారాన్ని ప్రశ్నించే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. పిల్లల డాక్టరు గారు ఒకసారి ప్రయత్నించబోయి, మా ఆవిడ ముఖం చూసి, "సరేనమ్మా, మీ ఇష్టం" అని కలం మూసేశారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దన్న విషయంలో తమకూ ప్రపంచ ఆరోగ్య సంస్థకూ భేదాభిప్రాయం లేదు కాబట్టి, అక్కడి వరకు తమకు నమస్కారం. పేచీ అంతా ఆ తరువాతే మొదలైంది.

అరటిపండు పెట్టరాదు, జలుబు చేస్తుంది. పెరుగు పెట్టరాదు, రొంప పడుతుంది. చిలగడదుంప వాతం, బొప్పాయి వేడి, గుడ్డు అరగదు, ముద్దపప్పు కడుపు ఉబ్బరం. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణిగిపోయి, పళ్లు లేని చిగుళ్లకు సైతం లొంగిపోయే పదార్థం ఏదైతే ఉన్నదో, దాన్నల్లా వెదికి పట్టుకొని తమరు వాకిట్లోనే నిలిపివేశారు. ఇంతటి కట్టుదిట్టం గల తమరు తేనెను మాత్రం దొడ్డిదారిన కాదు, మంగళవాద్యాలతో రాజద్వారం గుండా లోపలికి రప్పించారు. అన్నప్రాసన నాడు బంగారపు ఉంగరాన్ని తేనెలో ముంచి పిల్లవాడి నాలుకకు రాయబోతుంటే మా అమ్మాయి చేయి అడ్డం పెట్టింది. దానితో కలియుగం ముదిరిపోయిందని పేరంటాళ్లందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి తాలూకు సిద్ధబీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో వాటి ఆటలు సాగవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. ముందు మలబద్ధకం, తరువాత పాలు పట్టి తాగలేకపోవడం, ఏడుపు నీరసించడం, మెడ వాలిపోవడం, చివరికి ఊపిరి తీసే కండరాలే సడలిపోవడం దాకా పోవచ్చు. అరుదైన జబ్బే, కాదనను. అయితే ఆ బీజాలు మరిగించినా చావవు గనుక, కాచి చల్లార్చిన తేనె అనే మినహాయింపు చెల్లదు. పుట్టతేనె అయినా, కొండవాళ్లు తెచ్చిన తేనె అయినా, సీసాలో కొన్న తేనె అయినా పన్నెండు నెలలు నిండేదాకా వద్దు. కనీసం ఇంతటి నేరచరిత్ర గల పదార్థాన్ని తమరు అరటిపండు పక్కన ఒక మూలనైనా కూర్చోబెట్టి ఉండవలసింది.

ఇక ఉప్పూ కారాల సంగతి. మా వియ్యాలవారిది గుంటూరు. మిర్చి యార్డు ఉన్న ఊరి వారసుడికి చిన్నప్పుడే కారం అలవాటు చేయకపోతే రేపు బళ్లో పరువు పోతుందని వారి అభిప్రాయం. కిందటిసారి వచ్చినప్పుడు మా వియ్యపురాలు గారు ఆవకాయ ఊటలో చిటికెనవేలు అద్ది, ఎంతో ప్రేమగా, పిల్లవాడి కింది పెదవికి రాశారు. వాడు ఒక క్షణం ఆలోచించాడు. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, ముక్కుపుటాలు ఎగిరాయి, నాలుక బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. ఆపైన ఆ పెదవినే రుద్దుకున్న గుప్పిటతో కన్ను నులుముకొని ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. "చూశారా, మా రక్తం" అని వారు మురిసిపోయారు. ఆ వయసు మూత్రపిండాలు ఉప్పును వడకట్టి బయటికి పంపడంలో ఇంకా ఓనమాలు దిద్దుకొంటూ ఉంటాయి. ఏడాదిలోపు పిల్లలకు రోజు మొత్తం మీద ఒక్క గ్రాము ఉప్పు కూడా మించరాదని బ్రిటన్ ఆరోగ్య సేవా విభాగం చెబుతున్నది. తల్లిపాలలోనూ తిండిలోనూ సహజంగా ఉన్నది చాలు, మనం వేయవలసింది లేదు. అప్పడం ముక్క, మజ్జిగ మిరపకాయ తుంపు, ఊరగాయ పిండి తమ చిట్టాలో ఎక్కడున్నాయో వెదికాను, కనబడలేదు. పంచదార సంగతీ అంతే. టీలో ముంచిన బిస్కెట్టు మీద తమకు ప్రత్యేకమైన వాత్సల్యం ఉన్నట్టున్నది. తల్లి కడుపులో దాచుకొన్న ఇనుము నిల్వలు తరిగిపోయే వయసులో, తిండిలోని ఇనుమును ఒంటబట్టనీయని టీ పోయడం ఏ శాస్త్రమో తమకే తెలియాలి.

అసలు విషయానికి వస్తాను. మా వాడికి ముందు పళ్లు వచ్చాయి. వచ్చీ రాగానే, "ఇక కొరుకుతాడు" అని తమరు ద్వారాలు బార్లా తెరిచారు. కొరుకుతాడు, నిజమే. నమలడానికి దవడ పళ్లు కావాలి; అవి సాధారణంగా ఏడాది దాటాక గాని రావు. అంటే వాడు కత్తిరించగలడు, నూరలేడు. కత్తిరించిన గట్టి ముక్క నాలుక మీద జారి, నేరుగా గొంతుకు చేరుతుంది. అక్కడ ఉన్న గాలిగొట్టం సుమారుగా వాడి చిటికెనవేలంత లావు. వేయించిన వేరుశెనగ గింజ దానికి కొలిచి చేయించిన బిరడా. గింజ ఇంకాస్త కిందికి జారితే, ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకి వెళ్తుంది, ఆ వైపు గొట్టం తిన్నగా ఉంటుంది కాబట్టి. లోపల తేమకు ఉబ్బుతుంది, దాని నూనెకు లోపలి పొర వాస్తుంది, ఎక్సరేలో గింజ కనబడదు, తగ్గని దగ్గుకు కారణం తెలియక ఇంటిల్లిపాదీ మళ్లీ అరటిపండునే నిందిస్తారు. చివరికి మత్తు ఇచ్చి, గొట్టం వేసి, వైద్యులు బయటికి తీయాలి.

ఇందులో విచిత్రం ఏమిటంటే, వేరుశెనగను మెత్తగా నూరి గంజిలోనో జావలోనో కలిపితే తమరు పైత్యమని అభ్యంతరం చెబుతారు. గింజగా ఇస్తే బలమని ఊరుకుంటారు. వైద్యులు దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతున్నారు. తీవ్రమైన ఎగ్జిమా అనే చర్మవ్యాధి గాని, గుడ్డు పడకపోవడం గాని ఉన్న 640 మంది పసివాళ్ల మీద లండనులో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, పదకొండో నెల లోపునే వేరుశెనగను మెత్తని రూపంలో మొదలుపెట్టి క్రమం తప్పకుండా తినిపించిన పిల్లల్లో, అయిదేళ్ల వయసుకు ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గినట్టు తేలింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు పడకపోవడం గాని ఉన్న పిల్లలకు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి, తక్కిన పిల్లలకు నూరిన వేరుశెనగ ముద్దను పలుచన చేసి పెట్టవచ్చు. దోషం పదార్థంలో లేదు, ఆకారంలో ఉంది. తమరేమో జాతకాలన్నీ చూశారు గాని, రూపం చూడలేదు.

ఆకారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గుండ్రంగా, నున్నగా ఉండే ద్రాక్షపండును నిలువునా నాలుగు ముక్కలు చేయనిదే పెట్టకూడదు. వేసవిలో తాటిముంజె సంగతీ అదే, పైగా అది జారుడు. పచ్చి క్యారెట్టు, గట్టి జామకాయ, కొబ్బరి ముక్క, చేగోడీ, జంతిక, మొక్కజొన్న పేలాలు, గుల్లశెనగపప్పు, ప్రసాదం లడ్డూలోని జీడిపప్పు పలుకూ పటికబెల్లం ముక్కా, వీటిలో ఒక్కదాని పేరైనా తమ నోట వినలేదు. అన్నిటికీ మించి భోగిపళ్లు! రేగుపళ్లు, చెరకు ముక్కలు, నానిన శెనగలు, చిల్లర నాణేలు, ఊపిరికి అడ్డుపడగల సమస్త వస్తువులనూ శ్రమపడి ఒకే పళ్లెంలో పోగుచేసి, దొరికినదాన్నల్లా నోట్లో వేసుకోవడమే వృత్తిగా గల ప్రాణి నెత్తిన గుమ్మరించి, దిష్టి పోయిందని చప్పట్లు కొట్టే సంబరం తమ హయాంలోనే ఏటేటా జరుగుతున్నది. దిష్టి పోవాలి, నేనూ కోరుకునేవాణ్నే. బంతిపూల రేకులు పోస్తే పోదా?

పొరపాటున ఏదైనా అడ్డుపడితే తమ చిట్టాలో చికిత్స కూడా ఉన్నది: నోట్లో వేలు పెట్టి కెలకడం. కనబడని వస్తువు కోసం వేలు పెడితే అది ఇంకా లోతుకు దిగుతుంది. పిల్లవాడు ముఖం ఎర్రబడేలా దగ్గుతూ, శబ్దం చేస్తూ ఉంటే వాణ్ని దగ్గనివ్వాలి. కొత్త తిండికి వోకరించడం ఆ వయసులో మామూలే. భయపడవలసింది చప్పుడు లేనప్పుడు. ఏడుపు రాక, దగ్గు రాక, పెదవులు నీలిరంగుకు తిరిగితే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పడుకోబెట్టి రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య అయిదు నొక్కులు, మార్చి మార్చి ఇస్తూ ఉండాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. పొట్ట మీద నొక్కడం ఆ వయసుకు పనికిరాదు. ఇవన్నీ రాకుండా ఉండాలంటే పిల్లవాణ్ని నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా ఒక మనిషి ఉండి తినిపించాలి. చందమామను చూపిస్తూ మెడ వెనక్కి వాల్చి, నవ్వుతున్న నోట్లో ముద్ద జారవిడిచే మన సంప్రదాయం చూడముచ్చటగానే ఉంటుంది, చందమామకు.

తమరిని రద్దు చేయమని కోరడం లేదు. అంతటి సాహసం చేస్తే ఈ ఇంట్లో నాకు రేపటి నుంచి కాఫీ ఉండదు. ఖైదులో ఉన్నవారినీ, బయట తిరుగుతున్నవారినీ ఒకరి స్థానంలో మరొకరిని మార్చమని మాత్రమే అర్థిస్తున్నాను. పండిన అరటిపండు, వేలంత పొడుగున కోసి ఉడికించిన చిలగడదుంప, బాగా ఉడికిన గుడ్డు, కారప్పొడి జోలికి పోని ఇడ్లీ ముక్క, ముద్దపప్పు, పెరుగు, వీరందరినీ వెంటనే విడుదల చేయించండి.

మరొక అత్యవసర మనవి. వచ్చే ఆదివారం గుంటూరు నుంచి వియ్యాలవారు వస్తున్నారు. పిల్లలున్న ఇంటికి ఒట్టి చేతులతో రారు కనుక, వారి సంచిలో వేరుశెనగ ఉండలు తప్పక ఉంటాయి. తమరు దయచేసి గుమ్మంలో నిలబడి, ఆ పొట్లం పిల్లవాడి దాకా వెళ్లకుండా స్వాధీనం చేసుకొని, గుట్టుచప్పుడు కాకుండా నా గదిలో చేర్పించండి. నాకు షుగరు ఉన్నదని మా ఆవిడ దగ్గర మరొక చిట్టా ఉన్నది. దానితో విడిగా మాట్లాడుకుంటాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక తాతయ్య