నీడ సరిగ్గా పడిందని ఒక ఫిర్యాదు

గత మాఘమాసంలో దగ్గరి బంధువుల ఇంట పెళ్ళిలో, రెండో బంతిలో కూర్చుని, అప్పడాన్ని కుడిచేత్తో నిలువుగా పట్టుకుని, దాన్ని ఏ పక్కనుంచి కొరకాలా అని నోరు తెరిచి ఆలోచిస్తున్న క్షణంలో మా మేనల్లుడు నన్ను ఫొటో తీశాడు. తీసి ఊరుకోలేదు. తాను సభ్యుడిగా ఉన్న ఒక ఫొటో ఎడిటింగ్ బృందంలో ఆ వారం పోటీకి దాన్నే ముడిసరుకుగా ఇచ్చాడు. ఒకరు ఫొటో ఇస్తారు, మిగిలినవారు అందులోని మనిషినో వస్తువునో కత్తిరించి తమకు తోచిన చోట అతికిస్తారు, అందరూ కలిసి ఓట్లు వేసుకుంటారు, గెలిచినవారికి పైసా రాదు. ఇదీ ఆ పోటీల పద్ధతి. నన్ను అడిగే ఇచ్చానని వాడి వాదన. "నువ్వే ఊఁ అన్నావుగా మావయ్యా" అంటాడు. ఊఁ అన్న మాట నిజమే గానీ, అది పప్పు వడ్డిస్తున్న ఆయనకు అన్న ఊఁ.

ఆదివారం సాయంత్రానికి నావి నలభై ఒక్క బొమ్మలు తయారయ్యాయి. ఒకదానిలో, 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు వచ్చి గుద్దుకున్న ప్రకాశం బ్యారేజీ గేట్లకు అప్పడాన్ని అడ్డుపెట్టి కృష్ణమ్మను ఆపుతున్నాను. ఒకదానిలో అప్పడమే నన్ను చేత్తో పట్టుకుని, ఏ పక్కనుంచి కొరకాలా అని ఆలోచిస్తోంది. ప్రథమ స్థానం పొందిన చిత్రంలో నేను చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోట, విక్రమ్ ల్యాండర్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నా చేతిలోని అప్పడం భూమికి సంకేతాలు పంపుతోంది.

పరువు పోయిందని నేను ఈ వ్యాసం రాయడం లేదు. పరువు సంగతి మా ఆవిడ ముప్ఫై రెండేళ్ళుగా చూసుకుంటోంది. నా అభ్యంతరం నీడ గురించి.

ఆ చంద్రుడి బొమ్మను నేను ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి అరగంట చూశాను. పెళ్ళిపందిట్లోని పసుపు వెలుతురును నా ముఖం మీద నుంచి పూర్తిగా కడిగేశారు. నా నెత్తిన మిగిలిన వెంట్రుకలను ఒక్కొక్కటిగా, లెక్క తప్పకుండా, వెనుక ఉన్న అరటిచెట్టు నుంచి విడదీశారు. అప్పడం మీది బొబ్బల్లో నూనె మెరిసే చోట ల్యాండర్‌కు చుట్టిన బంగారు రంగు రేకు ప్రతిఫలిస్తోంది. దక్షిణ ధ్రువం దగ్గర సూర్యుడు ఎప్పుడూ నేలకు దగ్గరగానే తిరుగుతాడు కనుక నా నీడను తాటిచెట్టంత పొడవున సాగదీశారు. చంద్రుడి మీద గాలి లేదు కనుక నీడ ఇంకా నల్లగా ఉండాలని మరో సభ్యుడు తప్పు పట్టగా, ఆ బొమ్మ చేసిన పిల్లవాడు రాత్రి ఒంటిగంటకు లేచి దిద్దాడట. ఒక అప్పడం కోసం, ఒక్క రూపాయి రాని పని కోసం, ఇంతటి నిజాయితీ సమాజానికి మంచిది కాదని మనవి చేయదలచుకున్నాను.

ఎందుకు మంచిది కాదో తెలియాలంటే మా వీధి మొగలోని ఫ్లెక్సీని చూడాలి. అందులో నాయకుడి ముఖానికి వెలుతురు ఎడమవైపు నుంచి, ఒంటికి కుడివైపు నుంచి వస్తుంది. ఆయన వెనుక సింహం, సింహం వెనుక హెలికాప్టర్, కింద గుండ్రటి గడుల్లో పద్నాలుగు తలలు. పద్నాలుగింటిలో ఒక్కదానికీ మెడ అనే అవయవం లేదు. ఫ్లెక్సీ దుకాణంలో తయారుగా ఉన్న ఫొటోషాప్ (పీఎస్‌డీ) ఫైలులో చేతులు జోడించిన తెల్లచొక్కా ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. తలలు మాత్రం ఎన్నికల ఫలితాలను బట్టి మారుతూ ఉంటాయి. అయినా ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఎవరూ నవ్వలేదు, ఓట్లు వేయలేదు (అంటే ఆ బొమ్మకు). అది గౌరవంగా చెప్పిన అబద్ధం కనుక గౌరవంగానే చెల్లుబాటైంది.

ఈ గౌరవప్రదమైన సంప్రదాయానికి పెద్ద వంశవృక్షమే ఉంది. మాస్కో–వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడిన ఆయన రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను 1940లో కాల్చి చంపిన తరువాత ఫొటోలో నుంచి కూడా తొలగించి, ఆయన ఉన్న మేర కాలువ నీళ్ళు నింపిన ఆ అజ్ఞాత కళాకారుడు తన పనికి ఓట్లు అడగలేదు. నిలువు అట్టకు సరిపోవడం లేదని గీజా పిరమిడ్లను 1982 ఫిబ్రవరిలో కాస్త దగ్గరకు జరిపిన నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక, పక్కన అసలు ఫొటో వేసి తేడా కనిపెట్టండి అనలేదు. మన ఊళ్ళ స్టూడియోలు మాత్రం తక్కువ తిన్నాయా? నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసి పెళ్ళికూతుళ్ళ మొటిమలను మాయం చేసినవారూ, ఊరు దాటని జంటలను తాజ్‌మహల్ తెర ముందు నిలబెట్టినవారూ వాళ్ళే. కంప్యూటర్లు వచ్చాక వధూవరులను ఏకంగా అరచేతిలో నిలబెట్టి అరచేతిలో వైకుంఠం అనే మాటను అక్షరాలా అచ్చువేసి ఇచ్చినవారూ వాళ్ళే. 1990లో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, నోల్ సోదరుల ఫొటోషాప్, బజారుకు వచ్చింది. 1994లో అందులో లేయర్లు చేరడంతో, ఒక అబద్ధం మీద మరొక అబద్ధాన్ని విడివిడిగా పరిచి, కింది అబద్ధానికి చెరుపు రాకుండా పైదాన్ని దిద్దుకునే సౌకర్యం నాగరికతకు సమకూరింది. ఇన్ని తరాలు కూడబెట్టిన విద్యను ఈ పిల్లలు తీసుకెళ్ళి అప్పడం మీద పెట్టారు.

అంతకన్నా పెద్ద నేరం, అసలు ఫొటోను పక్కనే పెట్టడం. ఎక్కడ కోశామో, ఎక్కడ అతికామో, నీడ ఎలా వేశామో బాహాటంగా చెప్పుకుంటారు. దీని ఫలితం మా ఇంట్లోనే చూశాను. మేనల్లుడి చెల్లెలు తొమ్మిదో తరగతి. అన్న పక్కన కూర్చుని చూసీ చూసీ దానికీ ఆ చూపు అబ్బింది. మొన్న పెళ్ళిళ్ళ పేరయ్యగారు ఒక వరుడి ఫొటో తెచ్చారు. ఆరడుగుల కుర్రాడు, సన్నటి నడుము, వెనుక టేకు తలుపు. అందరం బాగున్నాడనుకుంటూ ఉండగా ఆ పిల్ల ఫొటోను దగ్గరకు తీసుకుని, "తాతగారూ, ఈయన నడుము దగ్గర తలుపు ఎందుకు వంగింది?" అని పేరయ్యగారిని అడిగింది. చూస్తే నిజమే. నిటారుగా ఉండవలసిన ద్వారబంధం సరిగ్గా నడుము దగ్గర లోపలికి ఒంగి, ఛాతీ దగ్గర మళ్ళీ తిన్నగా నిలబడింది. నడుమును లోపలికి నొక్కినవారు దానితోపాటు టేకునూ నొక్కేశారు. పేరయ్యగారు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఆ పిల్లను ఇక మీదట పెళ్ళిచూపుల సమయంలో ట్యూషనుకు పంపాలని పెద్దలం తీర్మానించాం.

విదేశాల్లోనైనా పెద్దమనుషులు దీన్ని గట్టిగా ఎదుర్కొన్నారేమోనని ఆశగా వెతికాను. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి వచ్చి, చలికి ముడుచుకుని, మడత కుర్చీలో ఊలు తొడుగుల చేతులు కట్టుకుని కూర్చున్న సెనేటర్ బెర్నీ శాండర్స్‌ను ఏఎఫ్‌పీ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ ఒకరు తీసిన చిత్రం నుంచి కత్తిరించి, లోకమంతా తమకు ఇష్టమైన చోటల్లా కూర్చోబెట్టింది. ఆయన కేసు పెట్టవలసింది. పెట్టలేదు సరికదా, ఆ బొమ్మ ముద్రించిన చొక్కాలూ అవీ అమ్మించి, కొద్ది రోజుల్లోనే పోగైన 18 లక్షల డాలర్లను తన వెర్మాంట్ రాష్ట్రంలోని సేవాసంస్థలకు ఇచ్చేశారు. పెద్దలే ఇలా ఉంటే పిల్లలకు భయమెక్కడిది?

ఇక పోలీసు స్టేషనుకే వెళ్దామనుకుంటే మాట దగ్గరే చిక్కు వచ్చింది. మన పత్రికల భాషలో దీనికి ఉన్న ఒకే మాట మార్ఫింగ్. అప్పు యాప్‌ల వసూలుదారులు బాకీపడిన అమ్మాయి ముఖాన్ని నగ్నచిత్రానికి అతికించి ఆమె ఫోనులోని నంబర్లన్నింటికీ పంపి, కొందరిని చావుదాకా తరిమినప్పుడు వాడింది ఆ మాటే. అదే మాటతో నా అప్పడం గురించి ఫిర్యాదు రాయడానికి కలం పట్టుకుని, రెండో వాక్యం దగ్గర ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పూట నాకు వ్యంగ్యం కూడా తోచలేదు.

కనుక ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. ఇటువంటి పోటీల్లో ఇక మీదట వెలుతురు విధిగా రెండు వైపుల నుంచీ రావాలి, నీడ ఉండరాదు, మెడ నిషిద్ధం. అప్పుడు ఈ పిల్లల పనికీ మా వీధి మొగలోని పనికీ తేడా తెలియక జనం ప్రశాంతంగా ఉంటారు.

ఈ విషయమే ఆలోచిస్తూ ఉండగా నా షష్టిపూర్తి వచ్చింది. ఫంక్షన్ హాలు గేటు దగ్గర నా ఫ్లెక్సీ కట్టారు. దుకాణంవారు నాకు జుట్టు మొలిపించి, దాన్ని నల్లబరచి, కళ్ళజోడు తీసేసి, రంగు నాలుగు మెట్లు పెంచి, ఎవరిదో నీలం కోటు తొడిగారు. శాస్త్రోక్తంగా ఉంది. కాకపోతే కాకినాడ నుంచి వచ్చిన నా బాల్యమిత్రుడు గేటు దాకా వచ్చి, ఫ్లెక్సీ చూసి, వేరే వాళ్ళ పెళ్ళేమో అనుకుని వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడు. ఇంకో రెండు కుటుంబాలు రోడ్డుకు అవతల నిలబడి ఫోన్లు చేశాయి. చివరికి మా మేనల్లుడు చంద్రుడి మీది నా బొమ్మను ప్రింటు తీయించుకొచ్చి ఫ్లెక్సీ అంచుకు నాలుగు పిన్నులు గుచ్చాడు. ఆ తరువాత ఎవరూ దారి తప్పలేదు.

భోజనాల్లో నా ఆకులో అప్పడం పడగానే ఎదుటి వరుసలో ఆరు ఫోన్లు పైకి లేచాయి. నేను దాన్ని ఎత్తకుండానే నలిపి పప్పన్నంలో కలిపేశాను.