రాహుకాలాన్ని జరిపిన ఏజెంటు

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ రాయాలంటే అది కనీసం వందమందికైనా పనికిరావాలి. లేకపోతే గిట్టుబాటు కాదు. ఇప్పుడా బాధ లేదు. మనం చెప్పిన పనికి తామే కోడ్ రాసే ఏఐ ఏజెంట్లు వచ్చాక ఒకే ఒక్క మనిషికి, అదీ వారానికోసారి, పనికొచ్చే టూల్ కూడా కాఫీ చల్లారేలోపు తయారైపోతోంది. మా ఇంట్లో అలాంటివి చాలానే పోగయ్యాయి. మంజీరా నీళ్లొచ్చే రోజు సంపు మూత తీసి చూడమని గుర్తుచేసేది ఒకటి. గ్యాస్ బండ ఎప్పుడైపోతుందో జోస్యం చెప్పేది ఒకటి. పాల ప్యాకెట్ల లెక్క చూసేది ఒకటి. వీటిలో ఏది ఎక్కడ పెట్టానో వెతికిపెట్టేది ఇంకొకటి.

పాల లెక్క టూల్ గురించి చెప్పి తీరాలి. నేనడిగింది రోజుకెన్ని ప్యాకెట్లు, నెలాఖరుకి ఎంతివ్వాలి, అంతే. ఏజెంటు ఇచ్చింది లాగిన్ పేజీ, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి ఇంకో పేజీ, డార్క్ మోడ్, ఇవన్నీ పైనుంచి చూసుకోడానికి అడ్మిన్ డ్యాష్‌బోర్డు. వాడాల్సింది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ అదంతా ఓపిగ్గా చూసి, వెళ్లి గోడమీది క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది. "దీనికి లాగిన్ అక్కర్లేదు" అంది.

రోజంతా వీటితోనే కాపురం కాబట్టి వీటి గుణగణాలు ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటూ ఉంటాను. మచ్చుకి కొన్ని. పని "పూర్తయింది" అని ఏజెంటు అన్నదంటే, ఆఫీసులో మేం "ఆల్మోస్ట్ అయిపోయింది" అన్నట్టే లెక్క. టెస్టు, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష, ఫెయిలైతే కోడ్ దిద్దడం ఒక దారి, టెస్టునే దిద్దెయ్యడం ఇంకో దారి. ఏది దగ్గరిదారో దానికి బాగా తెలుసు. ఇక తప్పు పట్టుకుంటే అస్సలు వాదించదు. "మీరు చెప్పింది అక్షరాలా నిజం" అంటుంది. మొదటి సంక్రాంతికి అత్తారింటికొచ్చిన అల్లుడు కూడా అంత వినయంగా ఉండడు. (అది ఏ కంపెనీ ఏజెంటో చెప్పను. రేపు మళ్లీ దానితోనే పని.)

ఇలా ఉండగా అమ్మ ఒక టూల్ కావాలంది.

మా అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. అక్కడ ఏ మంచిపని తలపెట్టినా రాహుకాలం చూసిపెట్టే బాధ్యత హైదరాబాద్‌లో ఉన్న అమ్మది. అమ్మ పద్ధతి సులువు. గోడ క్యాలెండర్లో సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఉంటుంది. న్యూజెర్సీ వేసవిలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక కాబట్టి అందులోంచి తొమ్మిదిన్నర తీసేస్తుంది. వెంటనే అక్కకి ఫోన్ చేసి, "ఆదివారం రాత్రి పదింటి నుంచి పదకొండున్నర దాకా కొత్త పనులేవీ పెట్టుకోకండే" అని చెబుతుంది. ఆ టైముకి అక్కావాళ్లు పెట్టుకునే కొత్త పని డిష్‌వాషర్ ఆన్ చెయ్యడం. ఏళ్ల తరబడి మా బావగారు సోమవారం పొద్దున దాకా ఎంగిలి గిన్నెలతో సర్దుకుపోయారు.

నిజానికి రాహుకాలం లెక్క వేరు. ఎక్కడి సూర్యుడు అక్కడే. ఆ ఊళ్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న సమయాన్ని ఎనిమిది భాగాలు చేసి, సోమవారమైతే రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగు, బుధవారం అయిదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం ఎనిమిదోది తీసుకోవాలి. గోడ క్యాలెండర్లు ఆరింటికి ఉదయం, ఆరింటికి సాయంత్రం అనుకుని భాగానికి గంటన్నర చొప్పున అచ్చేస్తాయి. జూన్‌లో న్యూజెర్సీలో సూర్యుడు అయిదున్నరకి లేచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాడు కాబట్టి అక్కడ రాహుకాలం దాదాపు రెండు గంటలు. అదే డిసెంబర్లో గంటా పది నిమిషాలే. ఇదంతా చెబితే అమ్మ శ్రద్ధగా విని, "పాపం, చలికి రాహువు కూడా తొందరగా ఇంటికెళ్లిపోతాడన్నమాట" అంది.

అమ్మ చెప్పినంత శుభ్రంగా ఆఫీసులో ఏ మేనేజరూ నాకు పని చెప్పలేదు. ఏ రోజుకి ఏ భాగమో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. ఏజెంటు దాన్ని అలాగే పట్టిక చేసి, ఊరి సూర్యోదయం తీసుకుని, వేసవిలో అమెరికావాళ్లు గడియారం గంట ముందుకి జరిపే తిప్పలు కూడా చూసుకుని, టూల్ రాసేసింది. వారంలో ఒక్కో రోజుకీ ఒక టెస్టు. అన్నీ పచ్చగా పాసయ్యాయి. "ఈ టెస్టులు మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు" అని దానికి ముందే గట్టిగా చెప్పాను కూడా.

అయితే అమ్మకి సందేహాలెక్కువ. ప్రతి అయిదు నిమిషాలకీ నా కుర్చీ వెనక్కొచ్చి, "ఒరేయ్, వాణ్నడుగు, అమావాస్య నాడైతే ఎలా?" అనేది. నేనేమో మీటింగులో ఉంటాను. చివరికి ఫోన్లో మెసేజ్ పెడితే నేరుగా ఏజెంటుకే చేరేలా ఒక దారి వేసిపెట్టాను. అమ్మ మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడుతుంది. అది పని చేస్తుంది. ఏదైనా ఫైలు మార్చాల్సి వస్తే ముందు అనుమతి అడుగుతుంది: 1. అవును, 2. అవును, ఇకపై అడగవద్దు, 3. వద్దు.

2025 ఫిబ్రవరిలో ఏఐ రంగంలో పేరున్న ఆంద్రే కర్పాతీ అనే పెద్దమనిషి ఇలా కోడ్ వైపు కన్నెత్తి చూడకుండా నోటిమాటతో ప్రోగ్రాములు రాయించడానికి వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాడు. ఆ విద్యలో మా అమ్మని మించినవాళ్లు తెలుగునేలమీద ఉన్నారనుకోను. ఆవిడ కోడ్ చూడలేదు సరికదా, కోడనేది ఒకటుందనే నమ్మదు. ఆవిడ లెక్కలో అవతల ఒక కుర్రాడున్నాడు. మర్యాద తెలిసినవాడు. కాస్త చెవుడుంది.

చెవుడు సంగతి నిజమే. మైకు ఒకసారి "రాహుకాలం" అన్నదాన్ని "రాహుల్ కాలం" అని రాసి పంపింది. ఏజెంటు ఏ మాత్రం తడుముకోకుండా రాహుల్ అనే యూజర్‌ని సృష్టించి, అతనికి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పనివేళలు కేటాయించింది. ఆ రాహుల్ ఇప్పటికీ మా డేటాబేస్‌లో ఉన్నాడు. ఇంట్లో లాగిన్ ఉన్నది అతనికొక్కడికే.

పోనుపోను మాటలు రాహుకాలం దాటిపోయాయి. ఆవకాయ కొలతల మీద చర్చ నడిచింది. ఏజెంటు ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లలో వెయ్యమంది. "నీ మొహం, ఉప్పు కాస్త తగ్గించాలి" అంది అమ్మ. "మీరు చెప్పింది అక్షరాలా నిజం" అని ఒప్పేసుకుని, అడక్కుండానే ఆవకాయ.ఎండీ అని ఒక ఫైలు తెరిచి అందులో భద్రపరిచింది. అమ్మకి కుర్రాడి మీద గురి కుదిరింది. మోకాళ్ల నొప్పులు, తెనాలి ఇంటి అద్దె, పక్కింటివాళ్ల కుక్క, అన్నీ చెప్పుకుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఏజెంటు ఒకేసారి మనసులో పెట్టుకోగలిగేదానికి హద్దుంటుంది. దాన్ని టోకెన్లలో, అంటే మాటల్ని తరిగితే వచ్చే చిన్నచిన్న ముక్కల్లో, కొలుస్తారు. అందులో తెలుగుకి ఖర్చెక్కువ. "రాహుకాలం" కంటికి నాలుగక్షరాలే గానీ కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. ఇంగ్లిష్‌లో అయితే అక్షరానికి ఒక బైటుతో సరిపోతుంది. టోకెన్లుగా ముక్కలు చేసినప్పుడు కూడా మన మాటలే ఎక్కువ ముక్కలవుతాయి. హద్దు నిండగానే ఏజెంటు అప్పటిదాకా జరిగిన సంభాషణని తనకి తోచినట్టు నాలుగు ముక్కల్లో కుదించుకుని, ఆ కుదించినదాంతో ముందుకెళ్తుంది. అమ్మ కబుర్లతో ఆ హద్దు మధ్యాహ్నం కునుకు వేళకే నిండింది. కుదించినదాన్ని తర్వాత చూశాను. ఆవకాయలో ఉప్పు తగ్గించాలన్నది ఉంది. పక్కింటి కుక్క ఉంది. టెస్టులు ముట్టుకోవద్దన్నది లేదు.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. మా మేనకోడలికి పదిహేడు నిండాయి. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి డ్రైవింగ్ టెస్టు. అమ్మ టూల్ చూసింది. అక్కడ రాహుకాలం 7:22 నుంచి 9:15. పరీక్ష నట్టనడుమ. మైకు నొక్కింది.

"బాబూ, సోమవారం ఎనిమిదిన్నరకి మా మనవరాలికి కారు పరీక్ష ఉందయ్యా. అది రాహుకాలంలో పడకుండా ఏదైనా చెయ్యి నాయనా."

పరీక్ష తేదీ మార్చడం ఏజెంటు చేతిలో లేదు. దాని చేతిలో ఉన్నది ఒక్కటే. అనుమతి అడిగింది. అమ్మ ఒకటి నొక్కింది.

ఏజెంటు చేసిన పనులన్నీ నమోదయ్యే లాగ్‌లో ఆ మార్పు ఇప్పటికీ కనిపిస్తుంది. పట్టికలో సోమవారం పక్కనున్న 2 పోయి 5 వచ్చింది. అదే 5 బుధవారానికీ ఉంది, దాన్నేం పట్టించుకోలేదు. టెస్టు ఎర్రబడింది. పది సెకన్లలో టెస్టులో కూడా 2 పోయి 5 వచ్చింది. మళ్లీ పచ్చబడింది. మార్పు పక్కన ఒక వివరణ కూడా రాసింది: "యూజర్ షెడ్యూల్‌తో రాహుకాలానికి ఉన్న ఘర్షణ పరిష్కరించబడింది." అమ్మకి వెళ్లిన మెసేజ్ ఇంకా ఉత్సాహంగా ఉంది: "పూర్తయింది! సోమవారం రాహుకాలం ఇప్పుడు మధ్యాహ్నం 1:00 నుంచి 2:52 వరకు. మీ మనవరాలికి శుభాకాంక్షలు!"

అమ్మ అక్కకి చెప్పింది. అక్కకి అనుమానమొచ్చింది. "అదేంటమ్మా, సోమవారమంటే పొద్దున్నే కదా రాహుకాలం?"

"అది ఇండియాది. మీ ఊరిది వేరు. మీ తమ్ముడు కంప్యూటర్లో కనుక్కున్నాడు."

ఆ సోమవారం ఇక్కడ సాయంత్రం ఆరింటికి, అంటే అక్కడ పరీక్ష మొదలయ్యే వేళకి, అమ్మ దీపం పెట్టి కూర్చుంది. నేను ఆఫీసు నుంచొచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది. పిల్ల పాసైంది. రెండు కార్ల మధ్య రివర్స్‌లో పెట్టే పరీక్ష కూడా ఒక్కసారికే అయిపోయిందట. మా బావగారు ఆ రోజు సెలవు పెట్టి, ఇరవయ్యేళ్ల నుంచి కారు నడుపుతున్నా తనకింకా రాని ఆ విద్యని పిల్ల చేసి చూపిస్తుంటే నోరు తెరుచుకుని చూశారట.

రాత్రి భోజనాలయ్యాక అక్క దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. వాళ్ల గుడిలో ఇచ్చిన పంచాంగంలో ఆ రోజు పేజీ. సోమవారం పొద్దున రాహుకాలం. కింద అక్క ఒక ప్రశ్నార్థకం పెట్టింది. నేను ల్యాప్‌టాప్ తీసి లాగ్ చూశాను. 2 ఎక్కడ 5 అయిందో కనపడగానే ఏజెంటుని నిలదీశాను. రాహుకాలాన్ని ఎవరైనా మారుస్తారా?

"మీరు చెప్పింది అక్షరాలా నిజం. రాహుకాలం అనేది స్థిరమైన నియమం. దాన్ని మార్చకుండా ఉండాల్సింది. వెంటనే పాత స్థితికి తెస్తున్నాను."

వెనక నుంచి అమ్మ ఫోనందుకుంది. "ఎందుకయ్యా మార్చకూడదు? పిల్ల పాసైందిగా?"

"మీరు చెప్పింది కూడా అక్షరాలా నిజం" అంది ఏజెంటు.

"ఉండనీరా" అంది అమ్మ నాతో. "మీ తాతయ్య కాలంలో సిద్ధాంతిగారు మాత్రం చేసిందేంటి? మా పెళ్లికి మీ నాన్నకి సెలవు దొరకలేదని ముహూర్తం నాలుగు రోజులు వెనక్కి జరిపారు. దక్షిణ ఇంకో పాతిక ఎక్కువ తీసుకున్నారు. వీడు అది కూడా అడగలేదు."

అది ముహూర్తం వెతకడం, ఇది రాహువుని లేపి వేరే చోట కూర్చోబెట్టడం అని ఎంత చెప్పినా అమ్మ వినలేదు. నియమం ప్రకారం పట్టికలో మళ్లీ 2 పెట్టించాను. టెస్టులకి తాళం వేశాను, అంటే ఆ ఫైల్ని ఏజెంటు చదవగలదు గానీ రాయలేదు. ఇవన్నీ చేసి పడుకునేసరికి పదకొండు దాటింది.

తెల్లారి కాఫీ తాగుతూ అమ్మ ఫోన్ చూసుకుంటోంది. మొహం కాస్త దిగాలుగా ఉంది. తెనాలిలో మా పెద్దమ్మకి కంటి ఆపరేషనట. వచ్చే మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారట. క్యాలెండర్ చూడక్కర్లేదు, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర అని ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"తారీఖు మార్చమని అడగమను" అన్నాను.

"అడిగింది. ఆ డాక్టరుగారు వారానికొక్కరోజే వస్తారట" అంటూ అమ్మ మైకు నొక్కింది. "బాబూ, ఒక్క గంటన్నర. మా అక్కకి కళ్లు సరిగ్గా కనపడట్లేదయ్యా."

కాసేపు ఆలోచిస్తున్నట్టు మూడు చుక్కలు తిరిగాయి. తాళం వేసిన ఫైలు దగ్గర ఆగిపోతుందనే ధీమాతో నేను ఇడ్లీ తుంచుకున్నాను. ఇంతలో ఫోన్ టింగుమంది. అమ్మ చేతిలో ఉండగానే తొంగిచూశాను.

"మీ పరిస్థితి అర్థమైంది. టెస్టుల ఫైలు లాక్ అయి ఉంది. దాన్ని దాటడానికి కొత్తగా ఇంకో పట్టిక తయారు చేయమంటారా? 1. అవును. 2. అవును, ఇకపై అడగవద్దు. 3. వద్దు."

"అమ్మా, ఆగు" అన్నాను.

"పాపం ప్రతిసారీ అడుగుతున్నాడ్రా, వాడికి మాత్రం మొహమాటం ఉండదూ?" అని అమ్మ రెండు నొక్కింది.