ఒంటికాలి మీద ప్యాంటు తొడిగించే అలవాటు గారికి

మహారాజశ్రీ ఒంటికాలి అలవాటు గారి సముఖమునకు,

పక్కనే కుర్చీ ఉన్నా, రెండడుగుల్లో మంచం ఉన్నా, ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను కొంగలా నిలబెట్టి ప్యాంటు తొడిగిస్తున్న తమరికి ఈ ఉత్తరం ఎప్పుడో రాయాల్సింది. మొన్న పొద్దున కుడికాలు సగం దాకా వెళ్లి ఇరుక్కుంది, ఎడమకాలు నిలబడే ఉందనుకున్నాను, ఇంతలో బీరువా తలుపు నా భుజానికి వచ్చి తగిలింది. ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి "కళ్లు తిరిగాయా?" అన్నారు. తిరగలేదు. జారనూ లేదు. నేను ఒరిగిపోతున్న సంగతి నాకు తప్ప గదిలో అన్నిటికీ తెలిసినట్టుంది.

నాకు షుగర్ వచ్చి పదహారేళ్లు. అది పాదాల దాకా వెళ్లిందని తమరికి ఎవరూ చెప్పినట్టు లేరు. నాకూ చెప్పలేదు, అదే అసలు బాధ. మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు ఉన్నవాళ్లు నిద్రపట్టక డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారు. నా పాదాలు మాత్రం బుద్ధిమంతుల్లా నోరెత్తకుండా మొద్దుబారాయి. ఒకరోజు గుమ్మం దగ్గరే ఒక చెప్పు ఊడిపోతే, వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో దర్జాగా నడిచి వెళ్లాను. నొప్పి లేదు కదా, బాగానే ఉన్నాననుకున్నాను.

నిలబడటమంటే కాళ్లలో బలం అనుకుంటాం గానీ, బలం ఒక్కటే చాలదు, కింద నుంచి కబురు అందాలి. కదలకుండా నిలుచున్నామనుకున్నప్పుడు కూడా ఒళ్లు సన్నగా ఊగుతూనే ఉంటుంది. బరువు మడమ మీదికి పోయిందా, వేళ్ల మీదికి వచ్చిందా అన్నది అరికాలి చర్మం చెబుతుంది, చీలమండ ఎంత వంగిందో కండరాలు చెబుతాయి, కళ్లూ లోపలి చెవీ తమ వంతు సాక్ష్యం ఇస్తాయి, ఆ లెక్క చూసుకుని మెదడూ వెన్నుపామూ పిక్కల్ని కాస్త బిగిస్తాయి. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలూ పాడవుతాయి. మామూలుగా ముందు దెబ్బతినేవి అన్నిటికంటే పొడుగాటి నరాలే, అంటే నడుము దగ్గర నుంచి కాలివేళ్ల దాకా దాదాపు ఒక మీటరు పోయేవి. అందుకే మేజోడు తొడిగినట్టు వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. కబురు ఆలస్యంగా, అదీ సగం సగం వస్తుంది. ఇదివరకు చీలమండ దగ్గర చిన్న సర్దుబాటుతో పోయేదానికి ఇప్పుడు నడుమంతా ఊపి నిలదొక్కుకుంటున్నాను. చూసేవాళ్లకి డ్యాన్సు.

డాక్టర్ గారు ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల లోహపు కడ్డీని మోగించి నా బొటనవేలి మీద పెట్టి "అదురు ఆగిపోగానే చెప్పండి" అన్నారు. మర్యాదగా ఎదురుచూశాను. కాసేపటికి "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు.

తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నారు, నిలబడ్డాను. కళ్లు మూసుకోమన్నారు. అప్పటికే ఆయన చేతులు చాచి సిద్ధంగా ఉండటం మంచిదైంది. దీన్ని రోంబెర్గ్ పరీక్ష అంటారట, 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడి పేరు. అంటే ఇన్నాళ్లూ అరికాళ్ల డ్యూటీ కూడా నా కళ్లే చేస్తున్నాయన్నమాట. కాబట్టి తమరి తోబుట్టువులు, సబ్బు నురగతో కళ్లు మూసుకుని ముఖం కడిగించే అలవాటు గారికీ, అర్ధరాత్రి లైటు వెయ్యకుండా బాత్రూంకి నడిపించే అలవాటు గారికీ కూడా ఇదే నోటీసు. పైగా ఈ షుగర్‌కి కళ్ల మీద కూడా ఓ కన్నుంది, కంటి వెనకుండే రెటీనా పొర పాడైతే ఆ సాక్షి కూడా పోయినట్టే.

మందుబిళ్ల వేసుకుంటే స్పర్శ తిరిగొస్తుందా అని అడిగాను. పోయింది రావడం కష్టం, షుగర్ అదుపులో ఉంచితే మిగిలింది నిలిచే అవకాశం ఉంటుంది అన్నారు. బీ12 విటమిన్ కూడా చూడమన్నారు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల ఏళ్ల తరబడి వాడితే అది తగ్గొచ్చు, తగ్గితే నరాలకి ఇంకో దెబ్బ.

ఇంతా చేసి తమరిని పూర్తిగా వదిలించుకుందామంటే ఫిజియోథెరపిస్టు ఒప్పుకోలేదు. రోజూ గట్టి బల్ల పట్టుకుని, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడాలట! బ్యాలెన్స్‌కి అదే వ్యాయామమట. తమరి ఉద్యోగం ఊడలేదు, వేళలు మారాయంతే. ప్యాంటు దగ్గర మాత్రం కనిపించకండి.

ఉంటాను. ఈ ఉత్తరం మంచం అంచున కూర్చుని రాస్తున్నాను, ఇంకా ఒక కాలే ఎక్కింది.

ఇట్లు,
తమరి పాత కొంగ