కీబోర్డు షాపులు దండగ అన్నవారికి

“మంచి మోడలైతే ఎక్కడ పెట్టినా అమ్ముడుపోతుంది. డీలరంటే మధ్యలో కమీషన్ తినేవాడు. డీలర్లను తీసేస్తే రేటు తగ్గుతుంది, అమ్మకాలు పెరుగుతాయి. రిపేరుకు యూట్యూబ్ చాలు.” కోనసీమ నుంచి భీమవరం దాకా, కీబోర్డు వాయించేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. రేటు తగ్గుతుందన్నది చాలాసార్లు నిజమే. మిగతావి నిలబడవు.

“మంచి మోడలైతే...” ఎవరికండీ మంచిది? మన దగ్గర కీబోర్డు కొనేది ఎక్కువగా చర్చిలో వాయించేవాళ్లు, భజన బృందాలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు. వాళ్లకు కావాల్సింది డోలక్, తబలా, నాదస్వరం. 2013లో వచ్చిన రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లో బయటి సౌండ్లు పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకునే వీలుంది. వీలుంటే సరిపోదు, ఎక్కించి ఇచ్చేవాడుండాలి. షాపతను ఇండియన్ టోన్లు వేసి, నాలుగు పాటలు వాయించి వినిపించాకే అది ‘మన కీబోర్డు’ అవుతుంది. పెట్టెలో వచ్చినదానికి, కౌంటరు మీద నుంచి వెళ్లినదానికి తేడా అక్కడుంది. యమహా ఐ-సిరీస్‌లో ఇండియన్ స్టైల్స్ (పాట వెనక దానంతటదే నడిచే తాళం, వాద్యాలు) కంపెనీయే పెట్టి పంపుతుంది. అయినా విని చూడకుండా సంఘం డబ్బు ఖర్చు పెట్టే పెద్దలు అరుదు.

ఇక కమీషన్. చర్చి కోసం కొనడానికి వచ్చేది ఒక్కరు కాదు, నలుగురు. పాస్టరుగారికి రేటు కావాలి, వాయించే కుర్రాడికి టచ్ (గట్టిగా కొడితే పెద్దగా, మెల్లగా కొడితే చిన్నగా పలకడం) కావాలి, లెక్కలు రాసే ఆయనకు సంఘం పేరు మీద బిల్లు కావాలి. గంటసేపు వాయించి చూసి, “కానుకలు లెక్కేశాక వస్తాం” అని వెళ్తారు. ఆ గంట కోసం షాపువాడు ఓ పీసు సీలు విప్పి బల్ల మీద పెట్టాలి. అది తర్వాత కొత్తదాని రేటుకు పోదు. క్రిస్మస్ సరుకుకు డబ్బు ముందే కట్టాలి. రైతు ఇంటి పిల్లాడికి ఇస్తే, ధాన్యం డబ్బులు పడేదాకా ఆగాలి. ఇవన్నీ ఆ కమీషన్‌లోంచే. షాపులో గంట విని బయటికొచ్చి ఫోన్లో ఆర్డరు పెట్టేవాళ్లు పెరిగితే, డెమో పీసు లోపలికి పోతుంది. వినిపించేవాడు లేకపోతే ఖరీదైన మోడల్ కదలదు.

అలాగని అడిగినవాడికల్లా డీలర్‌షిప్ ఇచ్చేసినా ఇదే గతి. ఒకే ఊళ్లో నాలుగు షాపులు రేట్లు కోసుకుంటే ఎవరూ పెట్టె విప్పరు. పోనీ ఇంతకన్నా తగ్గించొద్దని కంపెనీ డీలర్లను కట్టడి చేయొచ్చుగా అంటారా? డిస్కౌంట్లు ఇవ్వకుండా డీలర్లను కట్టడి చేసినందుకే 2021లో కార్ల కంపెనీ మారుతీ సుజుకీకి, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ రూ. 200 కోట్ల జరిమానా వేసింది. కాబట్టి కంపెనీకి తేలికైన దారి ఏ ఊళ్లో ఎందరు డీలర్లు, ఏ మోడల్ షాపుకు, ఏది ఆన్‌లైన్‌కు అని తేల్చుకోవడమే. మెసేజ్ రాసినాయన అసలు పట్టించుకోనిది అదే.

పిల్లలు ఆడుకునే చిన్న కీబోర్డుల విషయంలో మాత్రం ఆయన మాట ఒప్పుకోవాలి. వాటికి డెమో అక్కర్లేదు, ఆన్‌లైన్లో నిక్షేపంగా కొనొచ్చు. కొందరు షాపులవాళ్లు ఆగిపోయిన మోడల్‌ని ‘లేటెస్ట్’ అని అంటగడతారన్నదీ అబద్ధం కాదు.

“రిపేరుకు యూట్యూబ్ చాలు.” టచ్ ఉన్న కీబోర్డుల్లో సాధారణంగా ప్రతి మెట్టు కిందా రబ్బరు స్ట్రిప్‌లో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి తగిలాక రెండోది ఎంత త్వరగా తగిలిందన్నదాన్ని బట్టి శబ్దం పెద్దదా చిన్నదా అన్నది తేలుతుంది. అందులో ఒకదానికి దుమ్మో చెమ్మో పడితే ఆ మెట్టు పలకదు, లేదా ఉన్నట్టుండి అరుస్తుంది. అంతర్వేది వైపు ఉప్పు గాలికి ఇది కొత్త జబ్బేం కాదు. తుడవడం వీడియో చూసి నేర్చుకోవచ్చు. స్ట్రిప్ చిరిగితే ఆ మోడల్‌కు సరిపోయేదే కావాలి, దాన్ని తెప్పించేది డీలరే. అడాప్టరూ అంతే. చాలా యమహాలకు 12 వోల్టులు, చాలా క్యాసియోలకు తొమ్మిదిన్నర. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే లోపలి బోర్డు పోవచ్చు.

పాత పీసు ఇచ్చి, పైన కొంత కట్టి పెద్దది తీసుకెళ్లడం మన ఆర్కెస్ట్రా వాళ్లకు అలవాటే. ఫోను మార్చుకున్నంత తేలిగ్గా పాత కీబోర్డు ఆన్‌లైన్లో మారదు. డీలరు లేకపోతే అది అమ్ముడయ్యేదాకా కొత్త మోడల్ బేరం కూడా ఆగినట్టే.