బయోటెక్నాలజీ డిగ్రీ ‘పేరు మార్చిన బీజెడ్‌సీ’ కాదు

డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు మొదలైతే చాలు, నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. బీఎస్సీ బయోటెక్నాలజీ అంటే పేరు మార్చిన బీజెడ్‌సీయేనని, లెక్కలుండవని, బట్టీ పడితే సరిపోతుందని, కోట్ల రూపాయల మిషన్లు లేని జిల్లా కాలేజీల్లో ప్రాక్టికల్స్ ఉత్తవేనని, మన ప్రాంతంలో ఆ చదువుతో పని లేదని, పీహెచ్‌డీ చేస్తే తప్ప ఉద్యోగం రాదని దాని సారాంశం. బైపీసీ పిల్లలు అది చూసి ఆప్షన్ తీసేస్తున్నారు. అందుకే ఒక్కో మాటనూ పట్టి చూడాలి.

బీజెడ్‌సీ అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. బయోటెక్నాలజీ గ్రూపులో వీటిలో రెండు అలాగే ఉండొచ్చు, పోలిక అంతవరకే. మూడో సబ్జెక్టయిన బయోటెక్నాలజీలో కణశాస్త్రం, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ, రీకాంబినెంట్ డీఎన్ఏ, బయోఇన్ఫర్మాటిక్స్, బయోస్టాటిస్టిక్స్ చదవాలి. స్టాటిస్టిక్స్ పేపరే ఉన్న కోర్సును లెక్కల్లేని కోర్సు అని ఎలా అంటారు?

అసలు లెక్క పేపర్లో కంటే ల్యాబులో ఎక్కువ. మట్టిలో బ్యాక్టీరియా ఎంత ఉందో కనుక్కునే ప్రాక్టికల్ చూడండి. 1 గ్రాము మట్టిని 9 మి.లీ. శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతారు. అందులోంచి 1 మి.లీ. తీసి మరో 9 మి.లీ. నీళ్లలో కలుపుతారు. ఇలా మొత్తం 5 సార్లు పలచన చేసి, చివరి గొట్టంలోంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరుస్తారు. మర్నాటికి 86 కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్కలు) వచ్చాయనుకుందాం. 86ను 0.1తో భాగిస్తే 860, 5 సార్లు పదింతలు పలచన చేశాం కనుక దాన్ని లక్షతో గుణిస్తే గ్రాము మట్టికి 8.6 కోట్లు. 0.1తో భాగించడం మరిచిపోతే జవాబు 86 లక్షలకు పడిపోతుంది. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. ఇక లెక్కకు పనికొచ్చేది 30 నుంచి 300 కాలనీలున్న ప్లేటు మాత్రమే. అంతకు మించితే కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తగ్గితే ఆ అంకెను నమ్మలేం. ఇది బట్టీతో వచ్చే విద్య కాదు.

కోట్ల మిషన్ల మాటా నిలవదు. డిగ్రీ ప్రాక్టికల్స్‌కు కావలసింది ఆటోక్లేవ్ (ఆవిరి ప్రెషర్‌తో సూక్ష్మజీవుల్ని చంపే పాత్ర), లామినార్ ఫ్లో (శుద్ధమైన గాలి వీచే బల్ల), ఇంక్యుబేటర్, సెంట్రిఫ్యూజ్, కలరీమీటర్, జెల్ సెట్టు, మైక్రోపిపెట్లు. అన్నీ లక్షల్లో తేలే సామానే. ఆటోక్లేవ్ పాడైతే 15 పౌండ్ల ప్రెషర్ నిలిపే ఇంటి కుక్కర్లో 20 నిమిషాలు పెట్టినా కొద్దిపాటి మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారం) శుద్ధి అవుతుంది. ముందు లోపలి గాలిని ఆవిరితో బాగా బయటికి పోనివ్వాలి. గాలి మిగిలిపోతే ప్రెషర్ 15 ఉన్నా లోపల శుద్ధికి కావలసిన 121 డిగ్రీలు రావు, మూడో రోజుకు ప్లేట్ల మీద చావని బ్యాక్టీరియా పెరగొచ్చు.

డీఎన్ఏ ముక్కల్ని కరెంటుతో విడదీసే జెల్ సంగతీ అంతే. 0.5 గ్రాముల అగరోజ్ పొడిని 50 మి.లీ. టీఏఈ బఫర్‌లో (అయాన్లున్న ద్రావణంలో) వేడి చేసి కరిగిస్తే ఒక శాతం జెల్. 60 డిగ్రీలకు చల్లారాక ట్రేలో పోయాలి. బఫర్ బదులు డిస్టిల్డ్ వాటర్ వాడితే కరెంటు మోసే అయాన్లు ఉండవు, డీఎన్ఏ కదలదు. జెల్ గట్టిపడకముందే, శాంపిల్ పోసే గుంతల కోసం గుచ్చిన దువ్వెన లాగితే గుంతలు చిరిగి శాంపిల్ కిందికి కారిపోతుంది. వైర్లు తిరగేసి పెడితే డీఎన్ఏ వెనక్కి పరుగెత్తి బఫర్‌లో కలిసిపోతుంది, ఎందుకంటే రుణావేశం ఉన్న డీఎన్ఏ ఎప్పుడూ ధనధ్రువమైన ఎర్ర వైరు వైపే పోతుంది. ఈ తప్పులు పట్టుకోవడం నేర్పేది చెయ్యి పెట్టి చేసిన గంటలే.

మన ప్రాంతంలో పని లేదనడం మాత్రం చాలా అన్యాయం. నల్లగొండ బత్తాయి తోటల్నే తీసుకోండి. ఆకులు పసుపెక్కితే అది జింకు లోపమా, బ్యాక్టీరియాతో వచ్చే గ్రీనింగ్ తెగులా అన్నది రైతుకు పెద్ద ప్రశ్న. జింకు లోపంలో పసుపు ఈనెకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గ్రీనింగ్‌లో ఒకవైపు ఒకలా, మరోవైపు ఇంకోలా మచ్చలు పడతాయి. కంటితో తేలకపోతే పీసీఆర్ (డీఎన్ఏను రెట్టింపు చేస్తూ పెంచి చూసే పరీక్ష) చేయాల్సిందే, ఆ బ్యాక్టీరియాను ల్యాబులో పెంచడం మహా కష్టం. అది ఆకు ఈనెలోని ఆహారనాళాల్లో ఉంటుంది కనుక డీఎన్ఏ ఈనెలోంచే తీయాలి. పీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కూ డీఎన్ఏ రెట్టింపవుతుందని లెక్కేస్తే 30 సైకిళ్లకు ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. అంటు కట్టే పుల్లను ముందే పరీక్షిస్తే అంటుతో వచ్చే తెగులు తోటకు చేరకముందే ఆగుతుంది. అటు గద్వాల పత్తి విత్తనంలో పురుగును చంపే బీటీ ప్రొటీన్ ఉందో లేదో చూసే స్ట్రిప్ టెస్టు కూడా ఈ చదువులోని విద్యే.

ఉద్యోగాల విషయంలో మెసేజ్‌లో సగం నిజముంది. పరిశోధన చేయాలంటే సాధారణంగా ఎమ్మెస్సీ కావాలి, దానికి సీపీగెట్, గాట్-బి, జామ్ లాంటి ఎంట్రన్స్ పరీక్షల్లో ఏదో ఒకటి రాయాలి. కానీ జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ లాంటి చోట మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగంలో డిగ్రీతోనే చేసే పనులున్నాయి. గ్రేడ్ సి (శుభ్రతలో ఒక స్థాయి) గదిలో 90 మి.మీ. ప్లేటు 4 గంటలు తెరిచి ఉంచితే 50 కాలనీలు దాటకూడదు. ఆ ప్లేటు పెట్టి, లెక్కించి, రిజిస్టర్‌లో రాసే మనిషికి పీహెచ్‌డీ అక్కర్లేదు. టీచర్ ఉద్యోగం మీద మనసున్నవాళ్లు మాత్రం ఆప్షన్ పెట్టేముందే పాత డీఎస్సీ నోటిఫికేషన్లలో డిగ్రీ సబ్జెక్టుల నిబంధన చదివి, బోటనీ, జువాలజీ ఉన్న కాంబినేషన్ ఎంచుకోవాలి.

కొన్ని కాలేజీల్లో ప్రాక్టికల్ చేయకుండానే రికార్డు నింపిస్తారు. తప్పు కోర్సుది కాదు, ఆ కాలేజీది. అందుకే ఆప్షన్ పెట్టేముందు తల్లిదండ్రులు ఒకసారి ల్యాబుకు వెళ్లి చూడండి. సెకండియర్ పిల్లలెవరైనా కనిపిస్తే, 0.1 మోలార్ ఉప్పు ద్రావణం 250 మి.లీ. కావాలంటే ఎంత ఉప్పు తూచాలని అడగండి. కాగితం మీద లెక్కేసుకుని 1.46 గ్రాములని చెప్పి త్రాసు దగ్గరికి నడిస్తే, ఆ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టొచ్చు.